పిలువని పేరంటము

మా వార్షిక సంచికలో ఆటలపోటీలను గూర్చియు, విహారయాత్రలను గూర్చియు, పరీక్షా ఫలితములను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ యేడు మేము కొంచెము వేరైన సంగతిని ఎత్తుకొనుచున్నాము. బొబ్బిలి పట్టణములోను, చుట్టుపట్ల గ్రామములలోను ఇప్పుడు చాల యిండ్లలో కంప్యూటరు కలదు. కొందరు పిల్లల చదువునకై కొనిరి. మరికొందరికి విశాఖపట్టణములోనో హైదరాబాదులోనో ఉద్యోగము చేయు కుమారుడో అల్లుడో తన పాతదానిని తెచ్చి యిచ్చెను. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకము, నెలకు 149 రూపాయలకు టెలివిజను, ఫోను, ఇంటర్నెట్టు మూడింటిని కలిపి యిచ్చుట మొదలిడిన తరువాత తీగ చిన్న ఊళ్లకు సైతము ప్రాకినది. యంత్రము ఇంటికి వచ్చుట మంచిదే. దానితోకూడ పిలువకయే వచ్చి పీట వేసికొని కూర్చుండు పేరంటాండ్రను గూర్చి మాత్రము నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

ఈ పేరంటాండ్రు రెండు తెగలవారు. పుట తెరచినంతనే ఎదుటికి దుమికి, మూయబోయిన మరియొకటి తెరచు ప్రకటనలు మొదటి తెగ. మనము ఒకటి కోరి దింపుకొనగా దాని చాటున వచ్చి చేరి, హోమ్ పేజీని మార్చి, యంత్రమును నత్తనడక నడిపించు సాఫ్టువేరు రెండవ తెగ. పిల్లలున్న ప్రతి యింటి కంప్యూటరులోను ప్రకటనలను ఆపు సాధనము ఉండి తీరవలెననియు, దానిని పెట్టుట పాఠశాలలో నేర్పవలెననియు మా అభిప్రాయము. మా సహోపాధ్యాయులలో కొందరు ఇందుకు ఒప్పుకొనరు. వారి ఆక్షేపణ తేలికైనది కాదు గనుక దానికి తరువాత వత్తుము.

వార్తాపత్రికలో కూడ ప్రకటనలు లేవా అని అడుగువారు కలరు. ఉన్నవి. అయితే పత్రికలోని ప్రకటన అందరికిని ఒక్కటియే. అది కాగితముమీద పడియుండును, మనము దానిని చూచుచున్నామో లేదో దానికి తెలియదు. 1994 అక్టోబరు 27వ తేదీన అమెరికాలో హాట్‌వైర్డ్ అను ఇంటర్నెట్టు పత్రికలో ఎ.టి. అండ్ టి. కంపెనీవారి పట్టీ ప్రకటన వెలువడిన నాడు అదియు ఇంచుమించు ఇట్లే యుండెను. నేటి రీతి వేరు. మనము ఒక వార్తను తెరచినప్పుడు ఆ పుట ఆ పత్రికవారి యొద్దనుండి మాత్రమే రాదు. పుటలోని ఖాళీ గళ్లు ఆ క్షణమందే వేలమునకు పెట్టబడును. చూచువాడు ఏ ఊరివాడు, నిన్న ఏమి వెదకెను, ఏ వస్తువు ధర చూచి మానుకొనెను అను వివరములు వేలము పాడువారికి అందును. ఎక్కువ పాడినవాని ప్రకటన, కన్ను మూసి తెరచునంతలో, మన తెరమీదికి వచ్చును. మనకు ఏ ప్రకటన చూపబడినదో ఆ పత్రికాధిపతికే తెలియదు. ఇట్టి సంతలో దొంగ సైతము నాణెము చెల్లించి దుకాణము పెట్టగలడు. 2022 డిసెంబరు 21వ తేదీన అమెరికా దేశపు ఎఫ్.బి.ఐ. ఒక బహిరంగ హెచ్చరికను ప్రచురించినది. పేరుగల కంపెనీల వేషము వేసి, వెదుకుడు ఫలితములకు పైన ప్రకటనలు కొని, నకిలీ పుటలకు జనమును ఈడ్చువారు బయలుదేరియున్నారనియు, వెదకునప్పుడు ప్రకటనలను ఆపు ఎక్స్‌టెన్షను ఒకటి వాడుకొనుడనియు అందులో చెప్పిరి. ప్రభుత్వ పోలీసు శాఖయే ఇట్టి సలహా ఇచ్చినదనగా, ఇది కేవలము చిరాకునకు సంబంధించిన మాట కాదని స్పష్టము.

దూరదేశపు సంగతి మనకేల అందురేమో. 2024 సెప్టెంబరులో సి.బి.ఐ.వారు పుణె, హైదరాబాదు, అహమ్మదాబాదు, విశాఖపట్టణములలో 32 చోట్ల సోదాలు జరిపి 26 మందిని నిర్బంధించిరి. కంప్యూటరు సహాయము చేయు ఉద్యోగులమని నటించి, విదేశములలో, విశేషించి అమెరికాలో, ఉన్నవారిని ఫోనులో బెదరించి ధనము లాగిరని వారిపై మోపబడిన అభియోగము. విశాఖ మనకు ఒక పూట ప్రయాణము. మన పిల్లలు డిగ్రీ ముగించుకొని పని వెదకుకొనుచు పోవునది ఆ నగరమునకే. ఇంగ్లీషు ధారాళముగా మాటలాడువారు కావలెనని, రాత్రి ఉద్యోగమని, జీతము మంచిదని చెప్పి పిలిచిన చోట అసలు జరుగు పని ఏమో తెలిసికొనక చేరినవాని గతి యేమి? తెర కిటునున్నవాడు మోసపోవుట ఒక విచారము. తెర కటుప్రక్కన కూర్చుండి మోసగించువాడు మన బడి వాడే కాగలడనుట మాకు అంతకంటె పెద్ద విచారము.

ఆ బెదరింపు వచ్చు తీరు సాధారణముగా ఇట్లుండును. పాటయో సినిమాయో ఉచితముగా దొరకునను పుటలో ఒక బొత్తాము నొక్కగానే తెర అంతయు నీలముగానో ఎఱ్ఱగానో మారును. సైరను మ్రోగును. మీ కంప్యూటరులో వైరసు చేరినది, బ్యాంకు వివరములు పోవుచున్నవి, యంత్రమును ఆపకుడు, ఈ నంబరునకు ఫోను చేయుడు అని వ్రాసియుండును. ఇది అంతయు ఒక ప్రకటన మాత్రమే. యంత్రములో ఏ వైరసును లేదు. మైక్రోసాఫ్ట్ కంపెనీవారు తమ హెచ్చరికలలో ఎన్నడును ఫోను నంబరు ఇయ్యమని స్పష్టముగా చెప్పియున్నారు. కావున నంబరు ఉన్న హెచ్చరిక అబద్ధపు హెచ్చరిక. బాలబాలికలు ఈ క్రిందిది కంఠస్థము చేయవలెను: మొదట ఎస్కేప్ మీటను కొంతసేపు అదిమిపట్టవలెను; తెర చిన్నదైనచో మూయవలెను. కానిచో ఆల్ట్, ఎఫ్4 మీటలను కలిపి నొక్కవలెను. అదియు కానిచో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడును నొక్కి టాస్క్ మేనేజరును తెరచి బ్రౌజరును ఆపవలెను. ఏదియు సాగనిచో పవరు బొత్తామును పది లెక్కపెట్టువరకు నొక్కి ఉంచవలెను. తిరిగి తెరచినప్పుడు, పాత పుటలను మరల తెరువనా అని బ్రౌజరు అడుగును, వద్దనవలెను. ఫోను చేసినవారికి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి దింపుకొనుమని చెప్పుదురు. అవి స్వతః మంచి సాధనములే. ఎరుగనివాని చేతికి ఇచ్చినప్పుడు మాత్రము ఇంటి తాళపుచెవుల గుత్తిని వీధిలో పోవువానికి ఇచ్చినట్లే.

ఉచితముగా పరీక్షించి చూతుమనువారిని గూర్చియు ఒక మాట. అమెరికాలో ఆఫీస్ డిపో అను పెద్ద దుకాణముల కంపెనీ, జనుల కంప్యూటర్లను ఉచితముగా పరీక్షించెడిది. మొదట నాలుగు ప్రశ్నలుండెను: యంత్రము నెమ్మదిగా నడచుచున్నదా, ప్రకటనలు ఎక్కువగా వచ్చుచున్నవా ఇత్యాదులు. వాటిలో ఏ ఒక్కదానికి గురుతు పెట్టినను, యంత్రములో ఏమున్నదో చూడకయే, హానికర సాఫ్టువేరు చిహ్నములున్నవని ఆ కార్యక్రమము తేల్చెడిది. పిమ్మట బాగుచేయుటకు వందలకొలది డాలర్లు. 2019లో అచ్చటి వాణిజ్య సంఘము పట్టుకొనగా, ఆ కంపెనీ 2 కోట్ల 50 లక్షల డాలర్లును, ఆ కార్యక్రమమును సమకూర్చిన కంపెనీ 1 కోటి డాలర్లును చెల్లించినవి. రోగము లేనివానికి మందమ్ము వైద్యుడు ఎక్కడనైనను ఉండును గదా.

ఇక రెండవ తెగ. మన గొల్లపల్లిలో చేయు బొబ్బిలి వీణ ప్రసిద్ధి యంతయు అది ఒకే పనసదుంగనుండి తొలచబడుటలో నున్నది. కొనవచ్చినవాడు కుండను, దండిని చేతితో తడవి, అతుకు ఉన్నదా లేదా అని చూడగలడు. మీటి విని చూడగలడు. ఇంటర్నెట్టునుండి దింపుకొనిన సాఫ్టువేరును అట్లు తడవి చూచుటకు వీలులేదు. పైకి ఒకటియే వస్తువు. లోపల ఇతరుల అతుకులు నాలుగుండవచ్చును. పాట వినుటకు ఒక ప్లేయరును కోరి 'తరువాత, తరువాత' అని నొక్కుకొనుచు పోవువాడు, నడుమ చిన్న అక్షరములలో ముందుగానే గురుతు పెట్టియుంచిన గడులను చూడడు. ఒకటి హోమ్ పేజీని మార్చుటకు అంగీకారము. ఇంకొకటి యంత్రమును వేగపరచునను వస్తువునకు. వేరొకటి పేరు వినని బ్రౌజరునకు. తరువాత తానెన్నడును ఒప్పుకొనలేదని ప్రమాణము చేయును. అతడు అబద్ధమాడుట లేదు. చదువకుండ ఒప్పుకొనెను, అంతే.

దీని విస్తారము ఎంతయో 2017లో లోకమునకు కొంత తెలిసినది. ఆ జూనులో చెక్ పాయింట్ అను సంస్థ, ఫైర్‌బాల్ అను ప్రకటనల సాఫ్టువేరును గూర్చి వెల్లడించెను. చైనా రాజధాని బీజింగులోని ఒక వ్యాపార ప్రచార కంపెనీ దానిని ఉచిత సాఫ్టువేరులకు తోకగా అంటించి పంపెడిది. అది బ్రౌజరు హోమ్ పేజీని, వెదుకుడు యంత్రమును మార్చి తన ప్రకటనలవైపు త్రిప్పెడిది; తలచుకొనిన మరే సాఫ్టువేరునైనను లోనికి దింపు శక్తియు దానికి ఉండెను. ప్రపంచమున 25 కోట్ల కంప్యూటర్లకు అంటినదనియు, అందులో అన్నిటికంటె ఎక్కువగా భారతదేశమందే 2 కోట్ల 53 లక్షలనియు ఆ సంస్థ అంచనా. ఆ లెక్క పెంచి చెప్పినదని మైక్రోసాఫ్ట్ వారు ఆక్షేపించిరి. సగము కొట్టివేసినను, ఆ పట్టికలో మన దేశము మొదటి స్థానమున నిలుచుట సంతోషింపదగిన ప్రథమ స్థానము కాదు. క్రొత్త యంత్రము కొన్నంతమాత్రమున నిశ్చింతయని అనుకొనరాదు. 2015 ఫిబ్రవరిలో లెనోవో కంపెనీవారి కొన్ని ల్యాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను ప్రకటనల సాఫ్టువేరు కార్ఖానాలోనే పెట్టబడినదని బయటపడెను. బ్యాంకు పుటలకు ఉండు తాళపు గురుతును సైతము అది నిష్ఫలము చేసినది.

అయినచో ఏమి చేయవలెను? ఏ సాఫ్టువేరు కావలసినను దానిని చేసినవారి పుటనుండియే తెచ్చుకొనవలెను. వెదకినప్పుడు అన్నిటికంటె పైన 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరములతో వచ్చునది కొనబడిన చోటు. దానిని దాటి క్రిందికి దిగవలెను. పుటలో పెద్ద పచ్చ బొత్తాముమీద డౌన్‌లోడ్ అని యున్నచో అది చాలసార్లు ప్రకటనయే. నిజమైనది ప్రక్కన చిన్నదిగా నుండును. ఇన్‌స్టాల్ చేయునప్పుడు 'కస్టమ్' అను మార్గము నెన్నుకొని, ప్రతి గడిని చదివి, అక్కరలేని గురుతులను తీసివేయవలెను. విండోస్ సెక్యూరిటీలో అవాంఛిత సాఫ్టువేరును ఆపు ఏర్పాటు ఒకటి కలదు. 2021 ఆగస్టునుండి అది తనంతటనే పనిచేయునట్లు చేయబడినను, మీ యింట ఎవరైన ఆపివేసిరేమో ఒకమారు చూచుకొనుడు. నోటిఫికేషన్లు పంపనిత్తురా అని ఏ ఎరుగని పుట అడిగినను 'బ్లాక్' అనియే చెప్పవలెను. నేను రోబోటును కానని నిరూపించుటకు 'అలౌ' నొక్కుమని అడుగు పుటలు కలవు, అది మాయమాట. ఒకసారి నొక్కినయెడల, బ్రౌజరు మూసియున్నను తెర మూలనుండి ప్రకటనలు లేచుచుండును. ఇంటివారు వైరసు పట్టినదని దుకాణమునకు మోసికొని పోవుదురు. బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్లను తెరచి ఆ పేర్లను తొలగించిన చాలును. రూపాయి ఖర్చు లేదు.

పరీక్షాఫలితముల దినమున ఈ వ్యాధి మిక్కుటము. అందరును ఒక్క గడియలో వెదకుదురు గనుక నకిలీ పుటలకు అది తిరునాళ్లవంటిది. పదవ తరగతి ఫలితములు ప్రభుత్వ పరీక్షల విభాగపు పుటలోనే చూడవలెను. 2025 జనవరిలో మన రాష్ట్రప్రభుత్వము ప్రారంభించిన మనమిత్ర వాట్సాప్ సేవ, 95523 00009 నంబరు ద్వారా, ఆ సంవత్సరపు ఫలితములను అందించినది. ఆతురతతో నొక్కిన వ్రేలికి వివేకము ఉండదు.

దొంగ నకళ్లను గూర్చి మేము మెత్తగా మాటలాడలేము. క్రాక్ అను పేరుతో వచ్చు సాఫ్టువేరు, మొదట వైరసు నిరోధకమును ఆపుమని చెప్పును. గోడ దూకవచ్చినవాడు కుక్కను కట్టివేయుమని చెప్పుట కాదా ఇది? అయినను చదువుకొనినవారి యిండ్లలోనే ఇది ఎక్కువ. కొనుటకు ధనము లేదనునది సరియైన సాకు కాదు. లిబ్రే ఆఫీసు ఉచితము, న్యాయసమ్మతము, మా విద్యార్థులకు కావలసిన పని అంతయు చేయును. తెలుగు టైపు చేయుటకు ఏదో ఒకటి దింపవలెనని పిల్లలు వెదకుచుందురు. ఏమియు దింపనక్కరలేదు. విండోస్‌లో తెలుగు కీబోర్డు చిరకాలమునుండి కలదు. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతి 2019 మే నవీకరణనుండి దానిలోనే చేరినది. భాషల సెట్టింగులలో తెలుగును చేర్చుకొనుటయే తడవు.

ఇక ప్రకటనలను ఆపు సాధనము. బ్రౌజరులో చేర్చుకొను ఎక్స్‌టెన్షన్లలో యూబ్లాక్ ఆరిజిన్ అనుదానిని మేము మెచ్చుకొందుము. దానిని 2014నుండి నిర్మించుచున్న రేమండ్ హిల్ గారు విరాళము సైతము పుచ్చుకొనరు. లోని వ్రాత అంతయు అందరును చదువుటకు తెరచి ఉంచబడినది. అది పనిచేయు తీరు కఠినము కాదు. ప్రకటనలు ఏ చిరునామాలనుండి వచ్చునో స్వచ్ఛంద సేవకులు జాబితాలు వ్రాసి పెట్టుదురు. 2005లో మొదలైన ఈజీలిస్ట్ అను జాబితా వాటిలో పెద్దది. మన దేశభాషల పుటల కొరకు వేరొక జాబితాయు కలదు. పుట ఏ చిరునామాను పిలిచినను సాధనము జాబితా చూచి, ఉన్నచో పిలుపును ఆపివేయును. ప్రకటన వచ్చిన పిమ్మట దాచుట కాదు, రాకుండనే ఆపుట. కావున పాత యంత్రములలో పుట త్వరగా తెరచుకొనును, డేటాయు మిగులును.

ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. గూగుల్ కంపెనీవారు తమ క్రోమ్ బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను మార్చి, 2025 నాటికి పూర్తి యూబ్లాక్ ఆరిజిన్‌ను అందులో నడువకుండ జేసిరి. భద్రతకొరకే ఈ మార్పు అని వారి వాదము. ఆ వాదములో కొంత సత్యము లేకపోలేదు; ఎక్స్‌టెన్షను చేతిలో అధికారము ఎక్కువైనచో అపాయమే. కాని గూగుల్ ఆదాయములో ముప్పాతిక భాగము ప్రకటనలనుండియే వచ్చునని తెలిసినవాడు, కావలికుక్కకు గొలుసు బిగించినది ఎవరో గమనింపకుండ ఉండలేడు. క్రోమ్‌లో ఇప్పుడు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అను చిన్నది పనిచేయును. అది కొంత మేలు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో పూర్తిది నడచుచున్నది. కావున మేము ఫైర్‌ఫాక్స్‌నే సూచించుచున్నాము. పేరును అక్షరమక్షరముగా చూచి చేర్చుకొనవలెను సుమా. 2018 ఏప్రిల్‌లో ఆడ్‌గార్డ్ సంస్థవారు క్రోమ్ దుకాణములో అయిదు నకిలీ ప్రకటన నిరోధకములను పట్టుకొనిరి. వాటిని చేర్చుకొనినవారు 2 కోట్లకు పైగా నుండిరి. కావలికి పెట్టుకొనినవాడే కన్నము వేసెనన్నమాట.

రౌటరులోనే డి.ఎన్.ఎస్. చిరునామాను మార్చి, ఇంటిలోని ఫోన్లకును టెలివిజనుకును కలిపి రక్షణ పెట్టవచ్చును. డి.ఎన్.ఎస్. అనగా పేరు చెప్పిన నంబరు చెప్పు టెలిఫోను డైరెక్టరీవంటిది. ప్రకటనల సంస్థల నంబర్లు చెప్పని డైరెక్టరీని పెట్టుకొనుటయే ఈ ఉపాయము. ఆడ్‌గార్డ్ వారిది 94.140.14.14. యూట్యూబు ప్రకటనలు మాత్రము దీనికి లొంగవు. అవి వీడియో వచ్చు ఇంటినుండియే వచ్చును.

ఇప్పుడు మా సహోపాధ్యాయుల ఆక్షేపణకు వత్తుము. వ్రాసినవానికి కూలి ముట్టనీయక వ్రాతను చదువుట దొంగతనము కాదా? ఒక తెలుగు పత్రిక, ఒక చిన్న యూట్యూబు పాఠశాల, వంటలు చూపు ఒక గృహిణి, వీరందరును ప్రకటనల వలననే బ్రదుకుచున్నారే! పనివాని జీతము బిగబట్టరాదని పిల్లలకు బోధించు మనము ఇది నేర్పవచ్చునా? ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయువారితో మేము ఏకీభవింపము. పెద్ద కంపెనీలకు ఏమియు కాదు. చిన్న తెలుగు పుటకు దెబ్బ తగులును, అది నిజము. 2011లో ఆడ్‌బ్లాక్ ప్లస్ వారు, మర్యాదగల ప్రకటనలను అనుమతింతుమని ఒక మధ్యేమార్గము తెచ్చిరి. కాని పెద్ద కంపెనీలు సొమ్ము చెల్లించి ఆ జాబితాలో చేరవలసివచ్చుటచే అది ద్వారపాలకుని మామూలువలె కనబడెను. మాకు అది రుచింపలేదు.

మా సమాధానము ఇది. తలుపు తట్టిన ప్రతివానిని లోనికి రానిచ్చుటకు గృహస్థుడు బద్ధుడు కాడు. చదువరి ఒప్పుకొనినది వ్రాతను చదువుటకు. తన వెనుక గూఢచారిని నడిపించుటకు ఒప్పుకొనలేదు. పత్రికవారు తమ ప్రకటనలను తామే చూచి, ఎంచి, కాగితములో వలె కదలకుండ అచ్చువేసినచో ఏ నిరోధకమును వాటిని అంతగా బాధింపదు. ఎవరికో గడులను అమ్మి, వచ్చినదానికి మా పూచీ లేదనుచుండగా, ఆ పూచీ ఎవరిదో ఒకరిది కావలెను గదా. అయినను ఋణము ఋణమే. నమ్మదగిన పుటను ఎరిగినయెడల సాధనములోని బొత్తామును నొక్కి ఆ ఒక్క పుటకు అనుమతి ఇయ్యుడు. దినపత్రికను కొనుడు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒక్క ప్రకటనయు లేదు. చందాలమీదను, జీతము లేని వ్రాతగాండ్రమీదను నిలిచియున్నది. మా పై తరగతుల విద్యార్థులు బొబ్బిలి చుట్టునున్న తమ గ్రామములను గూర్చి అందులో నాలుగు వాక్యములు సరిగా వ్రాసినను ఆ ఋణములో కొంత తీరును.

చట్టము లేదా అని కొందరందురు. కలదు. మన రాష్ట్రములో ఆన్‌లైన్ రమ్మీని, పందెపు ఆటలను 2020 సెప్టెంబరులో నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బుపెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలతోపాటు వాటి ప్రకటనలను సైతము నిషేధించినది. 2023 నవంబరు 30వ తేదీన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పదమూడు కపటపు రీతులను పేర్కొని మార్గదర్శకములను వెలువరించినది. వేషము వేసిన ప్రకటనయు, వైరసు ఉన్నదని బెదరించుటయు అందులో ఉన్నవి. పద్దెనిమిదేండ్ల లోపు పిల్లల వెంటబడి గమనించుటను, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపుటను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టము నిషేధించుచున్నది; దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి, ముఖ్యమైన నిబంధనల అమలునకు 18 నెలల గడువు పెట్టిరి. ఇవన్నియు మంచివే. కాని దూరదేశమునుండి వచ్చు ప్రకటన ఏ చట్టమును చదివి రాదు. పిల్లవాడు తెరముందు కూర్చుండునది ఈ సాయంకాలమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పిల్లలకు కంప్యూటరులో వేరు ఖాతా తెరచి, దానిని 'స్టాండర్డ్' ఖాతాగానే ఉంచుడు. యజమాని ఖాతా పాస్‌వర్డు పెద్దలయొద్ద ఉండవలెను. అప్పుడు క్రొత్తవి చాలవరకు చేరుటకు ముందు మిమ్ములను అడుగును. అడిగినప్పుడు కసరక, ఇది ఎక్కడనుండి తెచ్చితివి నాయనా అని కలిసి చూడుడు. కసరిన ఇంటిలో పిల్లలు జరిగినదానిని దాచుదురు. దాచిన జాముసేపులో బ్యాంకు ఖాతా ఖాళీ యగును. డబ్బు పోయినచో ఆ క్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరపడిన అంతగా ఆ సొమ్మును నడుమనే ఆపుటకు వీలుండును. పోలీసులు తిట్టుదురని, ఇరుగుపొరుగు నవ్వుదురని జాగు చేయరాదు. యంత్రమును శుభ్రపరచుటకు కేంద్రప్రభుత్వము 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రమువారు ఉచిత సాధనములు ఇచ్చుచున్నారు. వీధి దుకాణములో అయిదువందలు పోయుటకు ముందు అవి వాడి చూడుడు.

చివరిగా పాత యంత్రముల మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. మన యిండ్లలోని పాత కంప్యూటర్లు అనేకము విండోస్ 11కు పనికిరావు. వాటిని మూలబెట్టనక్కరలేదు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను పెట్టినచో మరి కొన్నేండ్లు చదువునకును, తెలుగు వ్రాతకును ఉపకరించును, విండోస్ కొరకు చేసిన తోక సాఫ్టువేరు దానిలో నడువదు. పాఠశాల కంప్యూటరు గదిలో రెండు పాత యంత్రములను ఇట్లే మార్చి ఉంచితిమి. చూడగోరు తల్లిదండ్రులు శనివారము మధ్యాహ్నపు గంట తరువాత రావచ్చును. తమ యంత్రమునే తెచ్చువారు ముందుగా ఫోటోలను, కాగితములను వేరొక పెన్ డ్రైవులోనికి ఎక్కించుకొని, చార్జరును మరువక తేవలెను.